గాలివాన వెలిసిన తరువాత: తిరునాళ్ల విడుదుల్లో చేయవలసిన పనులు

ప్రత్యేక వ్యాసం

తనకల్లు: 2018 మార్చి 30వ తేదీ సాయంత్రం. నాటి వై.ఎస్.ఆర్. కడప జిల్లా ఒంటిమిట్టలో కోదండరామస్వామి కల్యాణానికి వేలాది భక్తులు చేరి ఉన్నారు. ఈ క్షేత్రంలో స్వామివారి కల్యాణం పండు వెన్నెలలో జరగడం సంప్రదాయం. ఆనాటి సాయంత్రం వెన్నెలకు బదులు మబ్బు కమ్మినది. పెనుగాలి, వడగండ్లు, కుండపోత వాన ఒక్కసారిగా విరుచుకుపడినవి. పందిళ్లు కూలినవి, రేకులు ఎగిరినవి, చెట్లు విరిగినవి. నలుగురు మరణించారు. పలువురు గాయపడినారు. తరువాతి కాలంలో తిరుమల తిరుపతి దేవస్థానం అక్కడ శాశ్వత కల్యాణ వేదికను నిర్మించినది.

వెదురు గడలు, తాళ్లు, గుడ్డ పందిళ్లతో వేసిన విడిది స్థానంలో స్థిరమైన కట్టడం రావడం ఒంటిమిట్ట నేర్పిన పాఠాలలో మొదటిది. అయితే రాయలసీమలో తిరునాళ్లు జరిగే స్థలాలన్నింటికీ శాశ్వత వేదికలు కట్టడం సాధ్యమయ్యే పని కాదు. ఊరి చివర చింతతోపు, చెరువు కట్ట, గుడి ముందరి బయలు, కొండ కింద చదును నేల, ఇవే మన ప్రజల విడుదులు. బండ్లు, ట్రాక్టర్లు కట్టుకొని కుటుంబాలతో వచ్చి, వండుకొని తిని, చెట్ల కింద నిద్రించి మరునాడు తిరిగి వెళ్లే యాత్రికునికి గాలివాన వచ్చినప్పుడు తల దాచుకొనే చోటు ఏది? గాలి వెలిసిన తరువాత అతని గురించి లెక్క చెప్పవలసినది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు అధికారుల వద్ద, పాత్రికేయుల వద్ద ముందే సమాధానం ఉండవలెనన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

తనకల్లు ప్రాంతానికి ఈ విషయం ఎందుకు?

అనంతపురం పీఠభూమి అనగానే కరవు గుర్తుకు వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో మాత్రమే వర్షం కురిసే ఈ సీమలో గాలివాన గురించి మాట్లాడడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని వాన తక్కువైన చోట వేడి ఎక్కువ. వేడి ఎక్కువైన చోట వేసవి చివరి వానలు ఉరుములతో, మెరుపులతో, ఈదురుగాలులతో వస్తవి. రైతు ఎదురుచూచిన నాలుగు చినుకులతో పాటు మామిడి కాయలు రాలి, బొప్పాయి చెట్లు విరిగి, కట్టెలు కట్టి పెంచిన టమోటా తీగలు నేలపాలు కావడం ఈ ప్రాంతంలో ఎరుగని దృశ్యం కాదు. వాన లేక నష్టపోయిన రైతే వాన వచ్చిన రోజున గాలికి నష్టపోవడం ఈ సీమ విషాదం.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో తనకల్లు మండలం కదిరి ప్రాంతానికి చెందినది. కదిరి నుండి మదనపల్లె వెళ్లే మార్గంలో ఉన్నది. ఈ ప్రాంత ప్రజలు కుటుంబాలతో తరలి వెళ్లే స్థలాలు ప్రధానంగా రెండు. మొదటిది ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు జరిగే కదిరి లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం. రథోత్సవం నాటికి ఎండలు ముదురుతవి. రెండవది గూటిబైలు వద్ద ఉన్న తిమ్మమ్మ మర్రిమాను. సుమారు ఐదెకరాల మేర ఊడలతో విస్తరించిన ఈ మహావృక్షం 1989లో గిన్నిస్ గ్రంథంలో స్థానం పొందినది. మహాశివరాత్రికి అక్కడ జాతర జరుగుతుంది. వీటికి తోడు పల్లెపల్లెలో గంగమ్మ జాతరలు, రాములవారి ఉత్సవాలు ఉన్నవి. వీటిలో అధిక భాగం ఫిబ్రవరి నుండి మే వరకు గల నాలుగు మాసాలలోనే వస్తవి. ఆ కాలపు చివరి రెండు, మూడు మాసాలే ఈదురుగాలుల కాలం. జనం బయట ఉండే రోజులు, గాలి విరుచుకుపడే రోజులు ఒకటిగా కలియడమే ఇక్కడి ప్రమాదం.

నేల స్వభావం కూడా గమనింపదగినది. పలుచని ఎర్ర మట్టి, దాని కింద రాయి. అడుగు లోతుకు మించి గుంజ దిగని చోట్లు అనేకం. పందిరి గుంజ ఎంత బలమైనదైనా, అది దిగిన లోతును బట్టియే దాని నిలకడ ఉంటుంది.

మూడు రకాల గాలులు

వాడుకలో మనము సుడిగాలి అను ఒక్క మాటతో వేర్వేరు గాలులను పిలుచుచున్నాము. వార్త రాసేవారు, నివేదిక పంపేవారు ఈ భేదాన్ని తెలిసికొని ఉండుట అవసరం.

మొదటిది ఎండాకాలపు ధూళి సుడి. నిర్మలమైన ఆకాశం కింద, కాలిన నేలపై గాలి వేడెక్కి పైకి లేచి గిరగిర తిరుగుతుంది. మధ్యాహ్నపు బీళ్లలో ఎండుటాకులను, దుమ్మును ఎత్తుకొని పరుగెత్తే సుడి ఇదే. దీనికి మబ్బుతో సంబంధం లేదు. సాధారణంగా కొన్ని నిమిషాలలో అణగిపోతుంది.

రెండవది టోర్నడో. ఉరుము మబ్బు అడుగు నుండి నేల వరకు వేలాడు స్తంభం వలె తిరుగుతూ కదిలే గాలి ఇది. దాని దారి ఇరుకు, బలం అధికం. జపాన్‌లో జన్మించి అమెరికాలో పరిశోధన చేసిన టెట్సుయా ఫుజిటా 1971లో దీని తీవ్రతకు ఒక కొలమానం రూపొందించారు. దానిని సవరించి 2007 నుండి అమెరికాలో వినియోగిస్తున్నారు. గంటకు 105 కిలోమీటర్ల వద్ద మొదటి మెట్టు, 322 కిలోమీటర్లకు పైబడితే చివరి మెట్టు. ఈ మెట్టును నిర్ణయించేది గాలి కొలిచే యంత్రం కాదు. ఏ ఇల్లు, ఏ చెట్టు, ఏ కట్టడం ఏ మేరకు దెబ్బతిన్నదో చూచి నిర్ణయిస్తారు. అనగా గాలి పోయిన తరువాత జరిగే పరిశీలనయే దానికి పేరు పెడుతుంది.

మూడవది మబ్బు నుండి కిందికి దూకు గాలి. శాస్త్రజ్ఞులు దీనిని డౌన్‌బర్స్ట్ అందురు. వాన, వడగండ్లు కురిసేటప్పుడు చల్లబడిన బరువైన గాలి ఒక్కసారిగా నేలను తాకి నలువైపులకు చిమ్ముతుంది. బిందె నీళ్లు బండపై కుమ్మరించినప్పుడు నలుదిక్కులా చిందినట్లు ఇది వ్యాపిస్తుంది. దీనిని వివరించిన వారిలోనూ ఫుజిటాయే ప్రముఖుడు. మన ప్రాంతంలో పందిళ్లను కూల్చే గాలులలో అధిక భాగం ఈ జాతికి చెందినవే.

ఈ రెండింటినీ విడదీసి చూపే సాక్షి పడిపోయిన చెట్టు. డౌన్‌బర్స్ట్ వచ్చిన చోట చెట్లు ఒకే దిక్కుకు గాని, ఒక కేంద్రం నుండి వెలుపలికి విప్పారినట్లు గాని పడతవి. టోర్నడో వచ్చిన చోట ఇరుకైన బాటలో లోపలికి అల్లుకొన్నట్లు, ఒకదానిపై ఒకటి అడ్డదిడ్డంగా పడతవి. అందువలన దారులు సుగమం చేసే తొందరలో చెట్లను నరికి తొలగించే ముందు అవి పడిన దిక్కును ఫోటోలు తీసి భద్రపరచుట మేలు. దారి ఆపనవసరం లేదు. నాలుగు ఫోటోలకు నాలుగు నిమిషాలు చాలును.

మేడారం అడవి చెప్పిన సాక్ష్యం

తెలుగు నేలపై ఇటీవలి కాలంలో ఇట్టి గాలి మిగిల్చిన అతి పెద్ద ఆనవాలు తెలంగాణలోని ములుగు జిల్లాలో ఉన్నది. 2024 ఆగస్టు 31వ తేదీ సాయంత్రం తాడ్వాయి, మేడారం నడుమ అడవిలో కొద్ది సమయంలోనే వేలాది వృక్షాలు నేలకూలినవి. అటవీ శాఖ తొలి అంచనా ప్రకారం సుమారు 200 హెక్టార్లలో 50,000 వృక్షాల వరకు పడిపోయినవి. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం కళింగపట్నం సమీపాన తీరం దాటిన సమయం అది. రెండు తెలుగు రాష్ట్రాలలో అతి భారీ వర్షాలు కురిసి, విజయవాడను బుడమేరు ముంచెత్తిన రోజులు అవి. నగరాల వరద వార్తల నడుమ ఈ అడవి సంగతి వెలుగులోకి రావడానికి కొన్ని రోజులు పట్టినది.

మేడారం అనగానే సమ్మక్క–సారలమ్మ జాతర గుర్తుకు వచ్చును. రెండేళ్లకొకసారి మాఘ మాసంలో లక్షలాది భక్తులు ఆ అడవిలో, చెట్ల కింద, గుడారాలలో విడిది చేస్తారు. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరిగినది. గాలి వచ్చినది ఆగస్టులో. అది ఊళ్లను తాకలేదు, ప్రాణనష్టం జరగలేదు. ఆరు నెలల ఎడం ఆ అడవికి, ఆ జనానికి మధ్య నిలిచినది. దీనిని అదృష్టం అని చెప్పి ఊరకుండవచ్చును. బాధ్యత గల యంత్రాంగం మాత్రం దానిని ముందస్తు సూచనగా స్వీకరించవలెను.

నానిన నేలలో వేళ్ల పట్టు సడలుతుంది. లోతుకు దిగని వేళ్లు గల చెట్టు కొమ్మ విరగకుండానే కూకటివేళ్లతో లేచిపోతుంది. రాతి పలకపై పలుచని మట్టి గల తనకల్లు వంటి చోట్ల ఈ విషయం మరింత వర్తిస్తుంది. తిమ్మమ్మ మర్రిమాను వంటి చెట్టుకు వందలాది ఊడలే స్తంభాలు. నేలకు దిగని ఊడలకు రక్షణ కల్పించుట చెట్టు సంరక్షణే కాక, దాని నీడలో విడిది చేసే యాత్రికుని సంరక్షణ కూడా.

గాలి బలం ఎంత?

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. గంటకు 50 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు గుడ్డను సుమారు 12 కిలోల బరువుతో నెట్టును. గంటకు 100 కిలోమీటర్లైతే అదే గుడ్డపై సుమారు 47 కిలోలు పడును. పది మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు గల పందిరి పక్క తెరను తీసుకొన్నచో మొత్తం తోపు 1,400 కిలోలు. అనగా ఒక కారు బరువు. అడుగు లోతు గుంజలు దానిని ఆపలేవు.

ఇందులో ఒక ఆచరణీయమైన సూచన ఉన్నది. గాలి హెచ్చరిక అందిన వెంటనే పందిరి పక్క తెరలను దించివేసినచో గాలి దూసుకుపోవును. పందిరిపై భారం గణనీయంగా తగ్గును. అప్పుడు కూడా జనాన్ని పందిరి కింద ఉంచరాదు.

2019 జూన్ 23న రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లా జసోల్‌లో రామకథ వినుచున్న భక్తులపై పెనుగాలికి పందిరి కూలి 14 మంది మరణించారు. కూలిన పందిరిలో విద్యుత్ ప్రవాహం ప్రాణనష్టానికి తోడైనది. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం వేళ గాలివానలో గోడ కూలి ఏడుగురు భక్తులు మరణించారు. పందిరి, విద్యుత్తు, గోడ, చెట్టు: విడిది స్థలంలో ప్రాణాలు తీసేవి ఈ నాలుగే. గాలి కేవలం వాటిని కదిలిస్తుంది.

హెచ్చరిక ఎంత ముందుగా అందును?

తుపాను రోజుల ముందుగా తెలియును. ఈదురుగాలి గంటల ముందుగా, కొన్నిసార్లు నిమిషాల ముందుగా మాత్రమే తెలియును. భారత వాతావరణ శాఖ రానున్న మూడు గంటలకు తక్షణ సూచనలు జారీ చేయుచున్నది. పసుపు, నారింజ, ఎరుపు రంగులతో తీవ్రతను తెలుపుచున్నది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఆ సమాచారాన్ని మండలాల వారీగా సంక్షిప్త సందేశాల ద్వారా పంపుచున్నది. పిడుగుల కొరకు పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన దామిని యాప్ అందుబాటులో ఉన్నది.

అయితే రాడార్ దృష్టికి ఒక పరిమితి గలదు. చెన్నై, శ్రీహరికోటల రాడార్లు తనకల్లుకు 200 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నవి. భూమి గుండ్రంగా ఉండుట వలన అంత దూరం వచ్చేసరికి రాడార్ కిరణం నేల నుండి సుమారు నాలుగు కిలోమీటర్ల ఎత్తుకు చేరును. మబ్బు నడుము కనిపించును, మబ్బు పాదం కనిపించదు. నేలకు సమీపాన తిరిగే సుడి దానికి అందదు. కనుక ఇక్కడ మనిషి కన్ను కూడా హెచ్చరిక వ్యవస్థలో భాగమే. నల్లని మబ్బు గోడ వలె కదలి వచ్చుట, ఉక్క తగ్గి ఒక్కసారిగా చల్లగాలి తగులుట, దూరాన దుమ్ము తెర లేచుట, ఇవి పది, పదిహేను నిమిషాల గడువు ఇచ్చు గుర్తులు. మన రైతుకు ఇవి కొత్త కావు. కొత్తగా రావలసినది ఒక్కటే: ఆ గుర్తులు కనిపించినప్పుడు మైకు అందుకొని జనాన్ని కదలమని చెప్పే అధికారం ఎవరిదో ముందే రాసి ఉంచుట.

కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో 2000 జూలై 14న పైన్ లేక్ సరస్సు ఒడ్డున గల విడిది స్థలంపై టోర్నడో విరుచుకుపడి 12 మంది మరణించగా, వంద మందికి పైగా గాయపడినారు. సెలవులు గడపడానికి గుడారాలతో, చక్రాల ఇళ్లతో వచ్చినవారు వారు. సంపన్న దేశమైనా, రాడార్లు ఉన్నా, గుడ్డ గుడారంలో, తేలికపాటి బండిలో ఉన్న మనిషికి హెచ్చరిక చేరుట, చేరిన తరువాత పోవుటకు గట్టి కట్టడం ఉండుట ఎంత ముఖ్యమో ఆ సంఘటన చాటినది. తేలిక విడిదిలో ఉన్నవారికి ప్రమాదం ఒక్కటే. దేశం ఏదైనా, భక్తి కొరకు వచ్చినా, వినోదం కొరకు వచ్చినా.

మొదటి గంట, మొదటి రాత్రి

గాలి వెలిసిన వెంటనే చేయవలసిన పనులకు ఒక క్రమం ఉన్నది.

మొదటగా విద్యుత్ సరఫరా నిలిపివేయవలెను. చీకటి అగునని సందేహించరాదు. తడి నేలపై తెగిన తీగ చీకటి కంటె ప్రమాదకరం. జనరేటర్లను కూడా ఆపవలెను. దీపాలకు వాహనాల వెలుగులు, బ్యాటరీ లైట్లు వాడవచ్చును.

రెండవది, కూలిన పందిళ్లను ఒక పక్క నుండి ఎత్తి వెదకవలెను. ఆత్రుతలో పదిమంది పైకెక్కినచో కింద ఉన్నవారిపై భారం పెరుగును. వంటలు సాగిన విడిదులలో గ్యాస్ సిలిండర్లను, నిప్పులను వెంటనే గుర్తించవలెను.

మూడవది, 108 వాహనం నిలిచే చోటుకు దారి ఖాళీ చేయవలెను. సాయం చేయడానికి వచ్చే వాహనాలే దారిని మూసివేయుట సాధారణంగా కనిపించే పొరపాటు.

నాల్గవది, అత్యంత కష్టమైనది: మనుషుల లెక్క. ఊరిలో ఇల్లు కూలినచో ఎవరి ఇల్లో, ఎందరు ఉంటారో ఇరుగుపొరుగు చెప్పుదురు. విడిది స్థలంలో పక్కవాడు ఎవరో పక్కవానికి తెలియదు. ఒకే ట్రాక్టరులో వచ్చినవారు గాలికి చెదరి మూడు దిక్కులకు పరుగెత్తి ఉందురు. సమాచార కేంద్రానికి వచ్చే మొదటి ఫోను నష్టం గురించి ఉండదు. మా అమ్మ అక్కడికే వచ్చినది, కనిపించినదా అన్నదే ఆ ప్రశ్న. దానికి సమాధానం చెప్పగల పట్టిక లేనిచో తక్కిన సమాచారమంతా ఉన్నా లేనట్లే.

కావున జాతరకు వచ్చే ప్రతి వాహనం వద్ద ఊరి పేరు, మనుషుల సంఖ్య, ఒక ఫోను నంబరు రాసుకొనే పుస్తకం ఉంచుట అవసరం. వాహనాలు నిలుపు స్థలంలో రుసుము రసీదు ఇచ్చునప్పుడే ఈ మూడు వివరాలు రాసుకొనవచ్చును. అదనపు సిబ్బంది అక్కరలేదు. గాలి వచ్చిన రాత్రి ఆ పుస్తకం అన్నింటి కంటె విలువైన దస్తావేజు అగును.

సహాయం: ఎవరికి అందును, ఎవరికి అందదు

2022–23 నుండి 2025–26 వరకు వర్తించునట్లు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ప్రకటించిన రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి ప్రమాణాలలో మరణించిన వ్యక్తి కుటుంబానికి 4 లక్షల రూపాయలు, వారం రోజులకు మించి ఆసుపత్రిలో ఉండవలసిన తీవ్ర గాయానికి 16,000 రూపాయలు, వారం లోపైతే 5,400 రూపాయలు నిర్ణయించారు. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, పాలిచ్చే ఆవు లేక గేదెకు 37,500 రూపాయలు, గొర్రె లేక మేకకు 4,000 రూపాయలు, 33 శాతానికి మించి దెబ్బతిన్న వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి గల పంటకు 17,000 రూపాయలు, బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు అందులో ఉన్నవి.

ఈ ప్రమాణాలు వర్తించిన విపత్తుల జాబితాలో తుపాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగండ్ల వాన, కొండచరియలు విరిగిపడుట, మంచు చరియలు, కుంభవృష్టి, చీడపీడల దాడి, మంచు మరియు శీతల గాలులు మొత్తం పన్నెండు ఉన్నవి. టోర్నడో, ఈదురుగాలి అనునవి పేరుతో అందులో లేవు. రాష్ట్ర ప్రభుత్వం ఏదేని విపత్తును తన ప్రత్యేక విపత్తుగా ప్రకటించినచో నిధిలో 10 శాతం వరకు దానికి వినియోగించుకొనే వీలు కల్పించబడినది.

నివేదికలో వాడే మాట ఎందుకు ముఖ్యమో దీనిని బట్టి బోధపడును. వడగండ్లు పడినచో వడగండ్లు పడినవని, వాటి పరిమాణం ఎంతో, పడిన సమయం ఏదో ఆ సాయంత్రమే రాయవలెను. మరునాటికి అవి కరిగిపోవును, సాక్ష్యం మిగలదు. పడనిచో పడినట్లు రాయరాదు. జరిగినది జరిగినట్లు, జరిగిన రోజే రాసిన పంచనామా బాధితునికి చేసే మొదటి సహాయం. మరణానికి కారణాన్ని అధీకృత అధికారి ధ్రువీకరించినప్పుడే పరిహారం మంజూరగును. తొందరలో శవపరీక్ష వద్దని కుటుంబీకులు వేడుకొనుట సహజం. ఆ కాగితం లేనిచో తరువాత వారికి కలిగే నష్టాన్ని ఆ సమయంలోనే ఓర్పుతో, సానుభూతితో వివరించవలసిన బాధ్యత రెవెన్యూ, పోలీసు అధికారులపై ఉన్నది.

విడిది స్థలపు బాధితులకు మరొక చిక్కు గలదు. ఈ ప్రమాణాలు ఇంటిని, పొలాన్ని, పశువును లెక్కించుచున్నవి. జాతరలో గాజులు, బొమ్మలు, బొరుగులు, మిఠాయిలు అమ్ముకొనే చిరువ్యాపారి అప్పు తెచ్చి పరచిన సరుకు ఆ లెక్కలోనికి రాదు. 2022–23 నుండి 2025–26 వరకు వర్తించిన ఆ ప్రమాణాలలో చేతివృత్తుల వారికి పనిముట్లు పోయినచో 5,000, ముడిసరుకు పోయినచో 5,000 రూపాయల సహాయం ఉన్నది. కొని తెచ్చి అమ్మేవాడు చేతివృత్తిదారుడు కాడు. యాత్రికుని ఇల్లు ఒక జిల్లాలో, ప్రమాదం మరొక జిల్లాలో జరిగినప్పుడు కాగితాలు రెండు కార్యాలయాల మధ్య తిరుగును. ఇట్టి సందర్భంలో సంఘటన జరిగిన మండల తహశీల్దారు బాధితుని స్వస్థల తహశీల్దారుకు నేరుగా వివరాలు పంపినచో ఆ కుటుంబం దూర ప్రయాణాలు చేసే అవసరం తప్పును. ఉత్సవ నిర్వాహకులు దుకాణాల వేలం, బాడుగల ద్వారా పొందే ఆదాయంలో కొంత భాగాన్ని ప్రమాద బీమాకు కేటాయించినచో చిరువ్యాపారికి ఆసరా దొరకును.

పాత్రికేయులకు మనవి

సంఘటన జరిగిన రాత్రి వార్తకు తొందర ఉండును, వాస్తవానికి ఓర్పు అవసరమగును. మృతుల సంఖ్యను ఆసుపత్రి లేక రెవెన్యూ అధికారి ధ్రువీకరించిన తరువాతనే ప్రకటించవలసినదిగా కోరడమైనది. ఒకే మృతుని రెండు చోట్ల లెక్కించుట ఇట్టి సమయాలలో తరచు జరిగే పొరపాటు. కుటుంబానికి తెలియక ముందే పేరు ప్రసారం కాకుండ చూచుట కనీస మర్యాద.

ధూళి సుడిని టోర్నడోగా, టోర్నడోను ఈదురుగాలిగా రాయుట రెండూ దోషాలే. నిపుణులు పరిశీలించే వరకు పెనుగాలి అను సామాన్య పదం క్షేమం. పాత వీడియోలను, ఇతర దేశాల దృశ్యాలను స్థానిక సంఘటనకు జతచేయుట వలన జనం అనవసరంగా పరుగెత్తి కొత్త ప్రమాదాలకు లోనగుదురు. యంత్రాంగం కూడా సమాచారాన్ని దాచిపెట్టి పుకారుకు చోటివ్వరాదు. నిర్ణీత సమయాలలో, ఒకే అధికారి ద్వారా, తెలిసినంత మేరకు చెప్పుట ఇరువర్గాలకు మేలు.

పత్రికలు చేయగల మరొక సేవ ఉన్నది. మొదటి రోజు వార్త అందరూ రాస్తారు. మూడు నెలల తరువాత పరిహారం అందినదా, గాయపడినవాడు తిరిగి పనికి వెళ్లగలిగినాడా, తదుపరి జాతరకు ఆ స్థలంలో ఏమి మారినది అని రాసేవారు తక్కువ. ఆ రెండవ వార్తయే యంత్రాంగాన్ని మేల్కొల్పును.

తదుపరి తిరునాళ్లకు ముందు

జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ జనసమ్మర్ద నిర్వహణపై 2014లో మార్గదర్శిని వెలువరించినది. జిల్లా, మండల స్థాయిలో దాని సారాన్ని అమలు చేయుటకు భారీ వ్యయం అవసరం లేదు. దగ్గరలోని పాఠశాల భవనం తాళంచెవి తిరునాళ్ల రాత్రి ఎవరి వద్ద ఉండునో నిర్ణయించుట, ఎండిన కొమ్మలను ముందే తొలగించుట, చెట్లకు విద్యుత్ తీగలు కట్టకుండ నివారించుట, పందిరి వేసిన గుత్తేదారుచే గుంజల లోతును కొలిపించి సంతకం తీసుకొనుట, మైకు వద్ద ఒక బాధ్యుని నియమించుట, ఇవన్నీ ఒక్క సమావేశంలో తేలు విషయాలు. అత్యవసర సమయాలలో 112, 108 నంబర్లకు, రాష్ట్ర విపత్తు నియంత్రణ కేంద్రం 1070 నంబరుకు ఫోను చేయవచ్చును.

ఈ సీమ ప్రజలు మబ్బు కొరకు ఆకాశం వైపు చూచుటకు అలవాటుపడినవారు. మబ్బు కనిపించినప్పుడు వారు సంతోషించుదురే గాని పరుగెత్తరు. కరవు నేలలో వాన మబ్బును ప్రమాద సూచికగా చూడమని చెప్పుట కష్టమే. అయినను ఒంటిమిట్టలో ఆ సాయంత్రం కల్యాణం చూడవచ్చి తిరిగి ఇంటికి చేరని నలుగురిని తలచుకొన్నప్పుడు ఆ మాట చెప్పక తప్పదు. దేవుని దర్శనానికి వచ్చిన ప్రతి మనిషి వచ్చిన దారినే క్షేమంగా ఇల్లు చేరినప్పుడే తిరునాళ్ల ముగిసినట్లు. అంతవరకు ఆ స్థలంలో విధి నిర్వహించే అధికారి పని కూడా ముగియదు.

(పౌర సంబంధాల అధికారిచే జారీ చేయబడినది)